పండుకునే కూలి

జంగమ్మ చచ్చిపోతుంటే వార్డంతా నవ్వింది.

ఆ నవ్విన వాళ్ళను తిట్టుకునే ముందు, వాళ్ళను నవ్వేలా చేసింది ఎవరో తెలుసుకోండి. వాళ్ళు రాక్షసులు కారు. రోజూ జంగమ్మ పక్కన వంగి పూలు కోసేవాళ్ళు, ఆమె సద్దిలో చెయ్యి పెట్టి తినేవాళ్ళు.

వకుళ మెడికల్ కాలేజీ దవాఖాన మొయినాబాద్ నుంచి చేవెళ్ళ పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది. ముందు అద్దాలు, లోపల పాలరాయి, వార్డుల్లో వరసగా తెల్లటి మంచాలు. మామూలు రోజుల్లో ఆ మంచాల్లో చాలామటుకు ఖాళీ. తనిఖీ రోజు మాత్రం ఒక్కటీ ఖాళీ ఉండదు. ఇంతమంది రోగులు, ఇంతమంది నర్సులు ఉంటేనే ఇన్ని సీట్లు అని పై నుంచి ఒక నియమం ఉంది. ఏడాది పొడుగునా నర్సులకు జీతాలిచ్చి వార్డు నడపడం కంటే, ఒక్క రోజుకు మనుషులను కిరాయికి తెచ్చుకోవడం చౌక. ఈ చౌక లెక్క కనిపెట్టినవాణ్ణి చాలా తెలివైనవాడని ఆ కాలేజీలో చెప్పుకుంటారు.

మనుషులను తెచ్చేవాడు బాల్‌రాజ్. చేవెళ్ళ చుట్టుపక్కల పూల తోటలకు కూలీలను తోలే మేస్త్రీ. జంగమ్మ ఊళ్ళో ఆడవాళ్ళు పాలీహౌసుల్లో పని చేస్తారు. ప్లాస్టిక్ కప్పు కింద ఉడికిపోతూ, నిన్న కొట్టిన పురుగుమందు ఇంకా ఆకుల మీద తడిగా ఉండగానే పూలు కోస్తారు. అలాంటి మనిషిని ఫ్యాను కింద తెల్లటి దుప్పటి మీద పడుకోమని, దానికి కూలి కూడా ఇస్తామంటే ఎవరు కాదంటారు? దానికి వాళ్ళే ఒక పేరు పెట్టుకున్నారు. పండుకునే కూలి.

ఆ రోజు పొద్దున్నే ఆటోలు వచ్చాయి. బాల్‌రాజ్ ఒక్కొక్కరికీ రోగం పంచాడు.

"నీకు షుగరు. నీకు కామెర్లు. గోపమ్మా, నీకు కాలిరిగింది."

"పోయినసారి గూడ నా కాలే ఇరగ్గొట్టినవ్. ఈసారి చెయ్యన్న ఇరగ్గొట్టరాదు మేస్త్రీ," అంది గోపమ్మ. ఆటో అంతా నవ్వింది.

"జంగమ్మా, నీకు గుండెనొప్పి. పెద్ద సార్లు రాంగనే రొమ్ము మీద చెయ్యి పెట్టి మూలుగు. ఎక్కువ చెయ్యకు, తక్కువ చెయ్యకు."

"గుండెనొప్పి నాకు కొత్తనా? మా అంజయ్య తాగొచ్చినప్పుడల్ల వస్తది," అంది జంగమ్మ.

"ఇంగ చివరిమాట. సార్లు పోయేదాంక మంచం దిగొద్దు. ఒక్కరు లేసినా అందరి కూలి కట్."

దవాఖానలో అందరికీ ఆకుపచ్చ గౌన్లు తొడిగించారు. మంచానికొక నర్సు చొప్పున తెల్ల బట్టల్లో ఆడపిల్లలు నిలబడ్డారు. వాళ్ళూ కిరాయే. ఎక్కడో ఒక నర్సింగ్ కాలేజీ నుంచి బస్సులో తెచ్చిన మొదటి సంవత్సరం విద్యార్థినులు. జంగమ్మ మంచం దగ్గర నిలబడ్డ అమ్మాయి పేరు అక్షయ. ఆమె వేసుకున్న యూనిఫాం ఇంకెవరి కొలతకో కుట్టింది. భుజాలు జారుతున్నాయి.

"ఇక్కడ రోగులెవరూ లేరు. మీరు నిలబడితే చాలు, దేనికీ చెయ్యి పెట్టకండి," అని ఆ పిల్లలకు చెప్పారు.

తనిఖీ బృందం ఇంకా ప్రిన్సిపాల్ గదిలో టీ తాగుతుండగానే జంగమ్మ మూలగడం మొదలుపెట్టింది.

"ఓ జంగీ, సార్లింక రాలేదే! అప్పుడే షురూ చేసినవా?" అంది పక్క మంచం మీది గోపమ్మ.

"వదినె... నిజంగనే నొస్తున్నదే..."

"ఆ, నిజం లెక్కనే ఉన్నది. నిన్ను సీరియల్ల పెట్టుకుంటరు తియ్."

అప్పుడు నవ్వింది వార్డు. కామెర్లామె నవ్వింది, షుగరామె నవ్వింది. అటుగా పోతున్న చిన్న డాక్టరు ఒకడు ఆగి చూసి, "ఈమె బాగా చేస్తోంది" అని మెచ్చుకుని వెళ్ళాడు.

అక్షయ నవ్వలేదు. ఆమె చెయ్యి పెట్టకూడని చోట చెయ్యి పెట్టింది. జంగమ్మ అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. ముఖం నిండా చెమట. దవడ బిగుసుకుంటోంది. నటనకు చెమట పట్టదని తెలుసుకోవడానికి నాలుగేళ్ళ చదువు అక్కర్లేదు.

"సార్! ఈమెకు నిజంగా..."

చిన్న డాక్టరు వెనక్కి తిరగకుండానే అన్నాడు. "నిలబడమన్నామా, మాట్లాడమన్నామా?"

జంగమ్మ లేవబోయింది. కాళ్ళు మంచం కిందికి దించింది.

"ఏయ్, లేవకే! అందరి కూలి పోతది!" అని నాలుగు గొంతులు ఒకేసారి అరిచాయి.

జంగమ్మ ఆ నాలుగు ముఖాల వంకా చూసింది. మళ్ళీ పడుకుంది.

అక్షయ పరుగు తీసింది.

అసలు రోగులు ఎక్కడ ఉన్నారని మీరు అడగాలి. వాళ్ళు వెనకాల పాత బ్లాకులో ఉన్నారు. నిజమైన రోగులు వాసన వస్తారు, నిజం చెబుతారు. అందుకని తనిఖీకి ముందు రోజే అన్ని వార్డుల నుంచీ వాళ్ళను ఎత్తుకుపోయి, రేకుల కప్పున్న ఆ పొడుగాటి గదిలో కుక్కారు. అంతమందికీ ఒక్క నర్సు. ఎస్తేర్.

ఎస్తేర్ చిలుకూరు మనిషి. పదేళ్ళుగా ఇదే పని. అక్షయ వెళ్ళేసరికి ఆమె ఒక మంచం మీద మోకాలు మోపి, బాలింత పొత్తికడుపును పిడికిలితో అదిమి రుద్దుతోంది. కొండకల్ నుంచి వచ్చిన పిల్ల. కాన్పు అయ్యాక నెత్తురు ఆగడం లేదు. ఎస్తేర్ చెయ్యి తీస్తే గర్భసంచి మెత్తబడుతోంది, నెత్తురు దూకుతోంది. డాక్టరు కోసం బాలింత అత్తను పంపి చాలాసేపయింది. డాక్టర్లంతా ముందు బ్లాకులో తలలు లెక్కపెట్టించుకోవడానికి నిలబడి ఉన్నారు.

"సిస్టర్, ముందు వార్డుల ఒకామెకు గుండెపోటొస్తున్నది. ఎవరు నమ్ముతలేరు!"

ఎస్తేర్ కళ్ళు మూసుకుంది. ఒక చేతి కింద ఒక ప్రాణం. గోడ అవతల ఇంకొక ప్రాణం.

"పోయి ఆక్సిజన్ పెట్టుమను."

"చెప్పిన మేడం. నవ్వుతున్నరు."

"ఇటు రా. చెయ్యి ఇయ్యి. పిడికిలి వట్టు. ఇక్కడ, బొడ్డు కింద. గట్టిగ. గుండ్రంగ. కింద రాయి లెక్క గట్టిగ తాకాలె. మెత్తగయితే నన్ను ఒర్రి పిలువు. చెయ్యి మాత్రం తియ్యకు."

"నాకు రాదు మేడం!"

"నాకు గూడ రెండు పానాలు లెవ్వు."

ఎస్తేర్ వెళ్ళేసరికి నవ్వు ఆగిపోయి ఉంది. జంగమ్మ పెదవులు నల్లబడ్డాయి. గోపమ్మ కింద కూర్చుని, "జంగీ, లే, చాలు తియ్, ఇగ చాలు" అంటూ ఆమె చెంపలు తడుతోంది. ఎస్తేర్ మంచం ఎక్కి జంగమ్మ ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కింది. ఒళ్ళంతా తడిసేదాకా నొక్కింది. ఇంకొక మనిషి కావాలి, ఊపిరి అందించడానికి. సూది పెట్టడానికి మరొక మనిషి కావాలి. చుట్టూ తెల్ల బట్టలు వేసుకుని ఒక వార్డుకు సరిపడా అమ్మాయిలు నిలబడి ఉన్నారు. ఒక్కరికీ ఏమీ చెయ్యడం రాదు. ఏడవడం మాత్రం వచ్చింది.

కొండకల్ పిల్ల బతికింది. జంగమ్మ చచ్చిపోయింది.

తనిఖీ బృందం భోజనానికి వెళ్ళిన సమయం చూసి, వంటగది తలుపు గుండా శవాన్ని బయటికి తెచ్చారు. జంగమ్మ మంచంలో దుప్పటి మార్చి ఇంకొకామెను పడుకోబెట్టారు.

*

మర్నాడు ఊరు ఊరంతా శవంతో గేటు ముందుకు వచ్చింది.

కాలేజీ పరిపాలన అధికారి జైపాల్ బయటికి వచ్చాడు. భూములున్న ఇంటి మనిషి. ఎన్నికలప్పుడు ఏ పార్టీ జీపులోనైనా ముందు సీట్లో కనిపిస్తాడు. ఎవరి భుజం మీద ఎప్పుడు చెయ్యి వెయ్యాలో తెలిసినవాడు. నేరుగా జంగమ్మ భర్త అంజయ్య దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు.

"అంజన్నా, నాకు గూడ అక్కచెల్లెండ్లున్నరే. నీ బాధ నాకు తెల్వదా? మా దాంట్ల తప్పున్నది, కాదంటలేను. ఆ డ్యూటీ నర్సు, ఎస్తేర్, ఫోను వట్టుకొని కూసున్నది. పిలిస్తె రాలేదు. కాయితాల మీద ఆ వార్డు ఆమెదే. నేను విడిచిపెట్టను. నువ్వు ఫిర్యాదియ్యి, మిగతాది నేను చూస్కుంట."

కాగితాల మీద ఆ రోజు ఎస్తేర్ ఒకేసారి మూడు వార్డుల్లో ఉంది. ఆ సంగతి జైపాల్ చెప్పలేదు. అంజయ్య వేలిముద్ర వేశాడు.

"ఏదే ఆ నర్సు? బయటికి గుంజుండ్రి!" అని ఎవరో అరిచారు. రాళ్ళు లేచాయి. నర్సుల హాస్టల్ కిటికీ అద్దం ఒకటి పగిలింది. లోపలి నుంచి ఒక ఆడపిల్ల కేక వినిపించింది. బయట జనం చప్పట్లు కొట్టారు.

కోపం కూడా కూలీ లాంటిదే. దాన్ని ఎటు తోలాలో ఎవడో ఒక మేస్త్రీ ఉంటాడు.

గోపమ్మకు నిజం తెలుసు. ఆమె నోరు తెరిచింది. బాల్‌రాజ్ పక్కనే నిలబడి నెమ్మదిగా అన్నాడు.

"చెప్పు అక్కా, చెప్పు. మేము దొంగ పేషెంట్లమని చెప్పు. మోసం కేసయితది. నీతోని ఆటోల వచ్చినోళ్ళందరు లోపలికి పోతరు. ఆధార్ కార్డులన్ని నా బండి డిక్కిలనే ఉన్నయి, యాదికున్నదా?"

గోపమ్మ నోరు మూసుకుంది.

అదే సాయంత్రం జైపాల్ ఎస్తేర్‌ను పిలిపించాడు.

"నీ మీద కేసయింది. అరెస్టు నా చేతిల ఉన్నది. తప్పు నాదే అని రాసిచ్చి సప్పుడు చెయ్యకుండ ఉంటే, బెయిలు నేనే ఇప్పిస్త. లొల్లి జేస్తె జైలుకు పోతవు, లైసెన్సు పోతది. పైలం. రేపు పొద్దున డ్యూటీకి రా."

ఎస్తేర్ తెల్లబోయింది. "డ్యూటీకా? నేను చంపిన అంటున్నరు గద సార్, మళ్ళ వార్డు నాకే ఇస్తరా?"

"మరి ఇంకెవ్వరున్నరు?" అన్నాడు జైపాల్. ఆ మాటలో తప్పేమీ అతనికి కనిపించలేదు. మర్నాడు ఎస్తేర్ ఏమీ రాసివ్వకుండానే డ్యూటీకి వెళ్ళింది, ఇంకెవరూ లేరు కాబట్టి అరెస్టూ జరగలేదు.

తనిఖీకి ముందు చేర్చుకుని, ఆ రోజు డాక్టర్లతో పాటు తలల లెక్కకు నిలబెట్టిన నర్సులను తనిఖీ కాగానే తీసేశారు. ప్రతి ఏడాదీ చేసే పనే. వాళ్ళలో పెద్దది ప్రేమజ్యోతి. ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలోనే ఉండిపోయాయి. అవి లేకుండా వేరే దవాఖానలో ఉద్యోగం దొరకదు. అవి కావాలంటే మళ్ళీ ఇక్కడికే, వాళ్ళు పిలిచినప్పుడే, వాళ్ళు ఇచ్చినంతకే రావాలి.

*

గోపమ్మకు అన్నం సయించలేదు. ఒక పొద్దున అంజయ్య ఇంటి ముందుకు వెళ్ళి, నిలబడే చెప్పింది.

"ఆ నర్సు ఫోన్ చూడలేదు. ఉరికొచ్చింది. నీ పెండ్లాం నొస్తున్నదంటే నవ్వింది నేను. లేస్తాంటె పండవెట్టింది మేము. గదీ నిజం. కొడ్తె కొట్టు."

అంజయ్య కొట్టలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తర్వాత ఒక ఆదివారం తనే వచ్చి, "ఆ నర్సును చూపియ్యి" అన్నాడు.

మొయినాబాద్‌లో ఆరాధన ముగిసి జనం బయటికి వస్తున్నారు. ఎస్తేర్, ప్రేమజ్యోతి, తీసేసిన నర్సులు మరికొందరు చర్చి మెట్ల దగ్గర ఉన్నారు. అక్షయ కూడా వచ్చింది. ఊరి ఆడవాళ్ళు ఆటో దిగారు. అంజయ్యను చూడగానే నర్సులు వెనక్కి జరిగారు. పగిలిన అద్దం ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

"ఇక్కడ లొల్లి వద్దమ్మా, దేవుని మందిరం," అన్నాడు సంఘకాపరి.

"లొల్లి బయటనే పెట్టుకుంటం అయ్యగారు," అని గోపమ్మ చెప్పుల దగ్గర కూలబడింది. అందరూ అక్కడే కూర్చున్నారు.

మొదట తిట్టుకున్నారు. తిట్టుకోకుండా ఎవరూ కలవరు.

"మీరొచ్చి పండుకుంటుండ్రు గాబట్టే వానికి నిజం పేషెంట్లు అక్కర్లేదు, నర్సులు అక్కర్లేదు," అంది ప్రేమజ్యోతి. "మా కొలువులు మీరు తిన్నరు."

"ఓ యమ్మా! మేము కొలువులు తిన్నమా? మీరు తెల్లబట్టలేసుకొని నిలవడ్తలేరా? మా జంగమ్మ పక్కన బొమ్మ లెక్క నిలవడ్డది ఎవరు?"

అక్షయ ఏడ్చింది. "అటెండెన్సు కట్ చేస్తమన్నరు అక్కా. పరీక్ష రాయనియ్యమన్నరు."

"మాకు కూలి కట్ చేస్తమన్నరు," అంది కామెర్లు నటించినామె, కొంచెం మెత్తబడి.

"మా సర్టిఫికెట్లు వాని బీరువల ఉన్నయి," అంది ప్రేమజ్యోతి.

"మా ఆధార్లు వాని మేస్త్రీ డిక్కిల ఉన్నయి," అంది గోపమ్మ. ప్రేమజ్యోతి వైపు తిరిగి అడిగింది. "అవునమ్మా, మిమ్ముల తెచ్చేది ఎవరు?"

"ఏజెన్సీ."

"ఎవలది?"

"బాల్‌రాజ్ బామ్మర్దిది."

రోడ్డు మీద చిలుకూరు ఆటోలు గుడికి పోయే జనాన్ని పిలుస్తున్నాయి.

"అంటే పేషెంటు గూడ కిరాయే, నర్సు గూడ కిరాయే," అన్నాడు అంజయ్య మొదటిసారి నోరు తెరిచి. "ఒక్కడే మమ్ముల ఆ మంచంకాడ పండవెట్టిండు, ఒక్కడే మిమ్ముల నిలవెట్టిండు. మల్ల ఒక్కడే మీ మీదికి మాతోని రాళ్ళేపిచ్చిండు." ఎస్తేర్ వైపు తిరిగాడు. "బిడ్డా, వేలిముద్రేసిన చెయ్యి ఇదే. ఏం జెయ్యమంటవు?"

"సమ్మె చేద్దాం," అన్నారు ఇద్దరు ముగ్గురు నర్సులు.

"డ్యూటీ చేసేది నేనొక్కదాన్నే ఉన్న," అంది ఎస్తేర్. "నేను బందు వెడితే జైపాల్ చావడు. లోపలున్నోళ్ళు చస్తరు. ఇంకొకటి ఆలోచించుండ్రి."

చాలాసేపు గొడవపడ్డారు. పేపరోళ్ళకు చెబుదామన్నారు ఒకరు. వాళ్ళకు కాలేజీ ప్రకటనలు ఇస్తుందన్నారు మరొకరు. చివరికి గోపమ్మ అంది.

"మల్ల తనిఖీ ఉన్నదంటున్నరు, ఇంక సీట్లు గావాల్నట. పోదాం. ఎప్పటి లెక్కనే ఆటోలెక్కి పోదాం. పెద్ద సారు నా మంచంకాడికి రాంగనే నేనే చెప్త."

"జైలు?" అంది ఒకామె.

"జంగమ్మ పోయిన కాడికి పోతలేం గద."

*

ఆ రోజు బాల్‌రాజ్ ఆటోలు సరిపోలేదు. ఎప్పుడూ రానివాళ్ళు కూడా ఎక్కారు, తల మీద తువ్వాలు కప్పుకున్న అంజయ్యతో సహా. మేస్త్రీ సంతోషించాడు.

గేటు బయట తీసేసిన నర్సులు ఎండలో కూర్చున్నారు. "మా ఉద్యోగాలు మాకివ్వాలి, మా సర్టిఫికెట్లు మాకివ్వాలి" అని ఒక్క గుడ్డ మీద రాసుకున్నారు. జైపాల్ వాళ్ళను పట్టించుకోలేదు. తనిఖీ బృందం కారు అద్దాలు దించకుండా లోపలికి వెళ్ళింది.

బృందం పెద్ద తెల్లజుట్టు డాక్టరు. నెమ్మదైన మనిషి. గోపమ్మ మంచం దగ్గరికి వచ్చి, "క్యా తక్లీఫ్ హై అమ్మా?" అని బాధేమిటో అడిగాడు.

గోపమ్మ లేచి కూర్చుంది. "నాకేం రోగం లేదు సార్. మమ్ముల కిరాయికి తెచ్చిండ్రు. పోయినసారి గిదే మంచాల మీద మా జంగమ్మను చంపిండ్రు. అసలు పేషెంట్లు ఎనకాల రేకుల రూముల ఉన్నరు."

ఇప్పుడు పిడుగు పడుతుంది అనుకున్నారు అందరూ.

పిడుగు పడలేదు. తెల్లజుట్టు డాక్టరు గోపమ్మ వంక ఒక్క క్షణం చూశాడు. ఆమె చెప్పింది ఆయనకు అర్థమైంది. ఆ చూపులో ఆశ్చర్యం మాత్రం లేదు.

"లేట్ జావో అమ్మా," అన్నాడు నెమ్మదిగా, పడుకోమన్నట్టు చెయ్యి చూపించి. పక్క మంచం వైపు నడిచాడు.

ఆయనకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. ఎవరికి చెబితే న్యాయం జరుగుతుందనుకుని వీళ్ళు ఇంత దూరం వచ్చారో, ఆ మనిషికి అన్నీ తెలుసు. నర్సింగ్ విద్యార్థులారా, కార్మికులారా, ఈ దేశంలో పేదవాడు మొదట చేసే పొరపాటు ఇదే. పైవాడికి తెలియదు కాబట్టి అన్యాయం జరుగుతోందని అనుకుంటాడు.

గోపమ్మ ముఖం ఎర్రబడింది. మంచం దిగింది.

"మేము చెప్తే ఇనవా? అయితే చూడు. లేవుండ్రే! మంచాలు ఖాళీ చెయ్యిండ్రి!"

ఆకుపచ్చ గౌన్ల మంద వెనక తలుపు గుండా దూసుకుపోయింది. బాల్‌రాజ్ అడ్డం వస్తే షుగరామె నెట్టేసింది. కాసేపటికి పాత బ్లాకు నుంచి ఊరేగింపు మొదలైంది. పుండు పడ్డ కాలుతో ఒక ముసలాయన గోపమ్మ భుజం మీద వాలి వచ్చాడు. డెంగీ జ్వరంతో ఉన్న ఇంటర్మీడియట్ పిల్లను స్ట్రెచర్ మీద తోసుకొచ్చారు. పక్షవాతం వచ్చిన మనిషిని అంజయ్య, ఇంకో ముగ్గురు దుప్పటిలో వేసి మోసుకొచ్చారు. సెలైన్ సీసాలను చీపురు కర్రలకు కట్టి పైకెత్తి పట్టుకున్నారు. వాళ్ళ వెంట ఎస్తేర్ పరిగెత్తుతూ వచ్చింది. ఎవరి గొట్టం ఊడిందో, ఎవరి సూది జారిందో చూసుకుంటూ. తెల్లటి దుప్పట్ల మీద మొదటిసారి చీము, నెత్తురు, మూత్రం వాసనలు వచ్చాయి. తనిఖీ బృందంలో ఒకాయన ముక్కుకు రుమాలు పెట్టుకున్నాడు.

జైపాల్ ఫోన్ తీశాడు. కాసేపటికి ఎస్సై వచ్చాడు, ఇద్దరు కానిస్టేబుళ్ళతో.

"ఎస్తేర్ ఎవరు? నీ మీద పాత కేసున్నది. నడు."

ఎస్తేర్ ముసలాయన చేతికి సూది సరిచేస్తోంది. తల ఎత్తలేదు.

"వస్త సార్. డ్యూటీల ఉన్న. హ్యాండోవర్ ఇచ్చి వస్త."

"ఏంది?"

"వార్డు ఒప్పజెప్పాలె. దిగే నర్సు వచ్చే నర్సుకు ఒక్కొక్క పేషెంటును చూపిచ్చి ఒప్పజెప్పాలె. ఒప్పజెప్పకుండ కాలు బయట వెట్టొద్దు. వెడితె అది నేరం. మీరు నన్ను వట్టుకపోయేది గదే నేరం మీద గద సార్? పేషెంట్లను ఇడిసిపెట్టిందని." ఇప్పుడు తల ఎత్తింది. "రిలీవరును ఇయ్యమనుండ్రి. ఒప్పజెప్పి వస్త."

ఎస్సై జైపాల్ వైపు తిరిగాడు. "ఒక నర్సును ఇయ్యుండ్రి సార్."

"ఇంతమంది ఉన్నరు గదయ్యా!" జైపాల్ చెయ్యి గాలిలో ఊపాడు. మంచానికొకరు చొప్పున తెల్ల బట్టలు. "ఎవరికన్న ఇయ్యి! ఏయ్, నువ్వు తీస్కో!"

అతని వేలు అక్షయ మీద ఆగింది.

పరీక్షలు, హాజరు, ఇంట్లో అమ్మ, అన్నీ ఒక్కసారి ఆమె ముఖం మీద కనిపించాయి.

"నేను తీసుకోలేను సార్," అంది. "నేను నర్సును కాదు. ఫస్టియర్ స్టూడెంటును. నాకు ఇంజక్షన్ ఇచ్చుడు రాదు."

"నువ్వు?"

"ఫస్టియర్ సార్."

"నువ్వు?"

"నన్ను గూడ బస్సుల తెచ్చిండ్రు సార్."

ఎస్సై మంచం మంచానికీ నడిచాడు. ప్రతి మంచం దగ్గరా అదే జవాబు. చివరి మంచం చేరేసరికి అతని గొంతు మారిపోయింది. "మరి ఈ దవాఖానల నర్సులెవ్వరు?" అన్నాడు, అడిగినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు.

జైపాల్ తెల్లజుట్టు డాక్టరు వంక చూశాడు. డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇంతమంది ముందు ఆయన తెలియనట్టు ఉండలేడు. తెలిసినట్టూ ఉండలేడు.

"గేటు బయట ఉన్నరు సార్, నర్సులు," అంది ఎస్తేర్. "తీసేసినోళ్ళు. వాళ్ళకు ఒప్పజెప్త."

"వాళ్ళు మా స్టాఫ్ కాదు! లోపల అడుగు వెడితె ట్రెస్‌పాస్!" అని జైపాల్ అరిచాడు.

అంతలో పక్షవాతం మనిషి భార్య లేచింది. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మనిషి. "మా ఆయినె మంచంకాడికి ఎవలొస్తరో నేను చెప్త. నువ్వెవనివి?" అంది.

ప్రేమజ్యోతి, ఆమె వెంట మిగతా నర్సులు లోపలికి వచ్చారు. మామూలు చీరల్లో, చుడీదార్లలో, ఎండకు మాడిన ముఖాలతో. ఎస్తేర్ మొదటి మంచం దగ్గర నిలబడింది. గొంతు పెంచింది.

"ఈయన షుగరు పేషెంటు. కాలికి రోజు కట్టు మార్చాలె. నిన్న మార్చలేదు. నాకు తీరలేదు."

"తీసుకున్న," అంది ప్రేమజ్యోతి.

"ఈ పిల్లకు డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోతున్నయి. గంటగంటకు బీపీ చూడాలె. పొద్దుటి నుంచి ఒక్కసారే చూసిన."

"తీసుకున్న."

"ఈయనకు పక్షవాతం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలె. తిప్పలేదు. ఎందుకంటె తిప్పెటందుకు ఇంకొక మనిషి లేదు. ఈపుల పుండు పడ్డది. చూడుండ్రి, ఎస్సై సార్, మీరు గూడ చూడుండ్రి."

ఎస్సై చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

అలా మంచం తర్వాత మంచం. ఏం చెయ్యాలో, ఏం చెయ్యలేకపోయిందో. జైపాల్ మధ్యలో రెండుసార్లు ఆపబోయాడు. ఆకుపచ్చ గౌన్లు అతని చుట్టూ చేరి దారి మూసేశాయి. ఎస్తేర్ ఏడవలేదు. చివరి మంచం దగ్గర చేతులు కడుక్కుంది, తుడుచుకుంది.

"నడువుండ్రి సార్."

జీపు తలుపు వేయబోతుంటే అంజయ్య వచ్చి ఎస్తేర్ పక్కన ఎక్కి కూర్చున్నాడు.

"నువ్వెవరయ్యా? దిగు!"

"చచ్చిపోయినామె మొగుణ్ణి. ఈమె మీద కేసు వెట్టింది నేనే. ఎవల మీద పెట్టాల్నో అప్పుడు నాకు తెల్వదు. ఇప్పుడు తెల్సింది, చెప్త. రాసుకో."

జీపు ముందు పోయింది. వెనకాల చేవెళ్ళ రోడ్డు మీద ఆకుపచ్చ గౌన్లు నడిచాయి, మిట్టమధ్యాహ్నం ఎండలో, చెప్పులున్నవాళ్ళు, లేనివాళ్ళు. లారీలు ఆగి దారి ఇచ్చాయి. ఏదో దవాఖాన నుంచి రోగులు పారిపోతున్నారని ఒక బస్సులోని జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు.

ఎస్తేర్‌ను ఆ రోజు విడిచిపెట్టలేదు. ఆ కాలేజీకి సీట్లు కూడా ఆగలేదు. ఈ రెండూ మీ దగ్గర దాచను.

కానీ ఆ మధ్యాహ్నం ఠాణా ముందు జరిగింది కూడా చెప్పాలి. గోపమ్మ మెట్లెక్కి, ఫిర్యాదులు రాసుకునే రైటర్ బల్ల ముందు నిలబడింది.

"మేము దొంగ పేషెంట్లం. అందరం. మా మీద కేసు రాయి. మా పేర్ల పక్కపొంటి మమ్ముల తెచ్చినోని పేరు, తెమ్మన్నోని పేరు రాయి."

రైటర్ ఆమె వెనక్కి చూశాడు. వరండా నిండింది. ఆవరణ నిండింది. గేటు బయట ఇంకా వస్తున్నారు.

"ఇంతమందివి వాంగ్మూలాలు రాయాల్నంటే ఎట్లమ్మా? నేనొక్కణ్ణే ఉన్న ఇక్కడ."

గోపమ్మ నేల మీద చతికిలబడింది. వెనక అందరూ కూర్చున్నారు.

"ఒక్కరితోని ఎట్లుంటదో మాకు ఎరికే బిడ్డా. నువ్వు నిమ్మళంగ రాయి. మేము ఏడికీ పోము."